బుధవారం పది గంటలకు

జూన్ 3

అత్తా,

నిన్న ఫోన్లో "నాకు ఛార్జి ఇచ్చారు" అని నేను మూడుసార్లు అరిస్తే, "లేకపోతే పెట్టుకోవే, ఫోను ఆగిపోతుంది" అని నువ్వు మూడుసార్లు సలహా ఇచ్చావు. ఆఫీసులో అందరూ తలలు తిప్పి చూశారు. నీ చెవి మిషను బాగయ్యేదాకా ఇక ఉత్తరాలే.

నేను చెప్పబోయింది ఇది. మా సెక్షన్ ఆఫీసరమ్మ పదకొండేళ్ళ సర్వీసు తర్వాత, పోయిన శుక్రవారం రాజీనామా కాగితం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. సోమవారం డైరెక్టరు గారు నన్ను పిలిచి, "ఇవాళ్టి నుంచి సెక్షన్ నువ్వే చూసుకో" అన్నారు. నాతో కలిపి ఆరుగురం. మా పని నీకు తెలిసిందే. ఏ ఇంట్లోనైనా పిల్లలకి ప్రమాదం ఉందని ఫిర్యాదు వస్తే వెళ్ళడం, చూడడం, మాట్లాడడం, ఆ పిల్లలు కుదుటపడేదాకా వెళ్తూనే ఉండడం. ఎనిమిదేళ్ళుగా చేస్తున్నాను కాబట్టి పిల్లలతో మాట్లాడడం వచ్చు. కానీ ఈ పని చేసేవాళ్ళని చూసుకోవడం నాకెవరూ నేర్పలేదు.

మా దగ్గర ఒక కొత్తమ్మాయి ఉంది. చేరి నాలుగు నెలలైంది. నిన్న ఫైలు కోసం రికార్డు గదిలోకి వెళ్తే, రెండు బీరువాల మధ్య నేల మీద కూర్చుని ఏడుస్తోంది. కంగారుగా "ఏమైందమ్మా?" అన్నాను. కళ్ళు తుడుచుకోకుండానే ఫోను చూపించింది. "ఏం కాలేదండీ. పది నిమిషాలకి అలారం పెట్టుకున్నాను. ఇంకా నాలుగు నిమిషాలుంది" అంది.

ఆ పిల్ల జాబితాలో ఇరవై ఎనిమిది మంది పిల్లలున్నారు. ఏడవడానికి కూడా టైంటేబులు వేసుకుంది. నాకు పక్కన కూర్చోవాలో, తలుపేసి వెళ్ళిపోవాలో తెలియలేదు. ఆ నాలుగు నిమిషాలూ ఫైలు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

నువ్వు ఇరవై ఆరేళ్ళు ఆడవాళ్ళకి బస్సు నడపడం నేర్పావు. ఎలా నేర్పావో రాయి. కథలొద్దు, పనికొచ్చేది రాయి.

నీ పిడుగు


జూన్ 9

ఏమే పిడుగూ,

కథలొద్దట! కథలు తీసేస్తే నా దగ్గర మిగిలేది ఈ చెవి మిషనొక్కటే. అది కూడా పనిచెయ్యదు. బాగుచేసేవాడు మళ్ళీ మంగళవారం రమ్మన్నాడు. ఏ మంగళవారమో చెప్పలేదు.

సరే, విను. నేను మొదటి వారం ఏమీ నేర్పేదాన్ని కాదు. పక్క సీట్లో కూర్చునేదాన్ని, అంతే. శిక్షణ బస్సులో నా కాలి కింద కూడా ఒక బ్రేకు ఉండేది. అది తొక్కితే బండి ఆగుతుంది. బండితో పాటు నేర్చుకునే మనిషి ధైర్యం కూడా ఆగుతుంది. గోడని గుద్దేస్తుంది అనుకుంటే తప్ప దాన్ని ముట్టుకోకూడదు. ఆ ఒక్క ముక్క నేర్చుకోవడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. నీకు ఊరికే ఇస్తున్నాను.

ఇంకోటి. వారానికోసారి పొద్దున్నే డిపోలో బల్లల మీద అందరం కూర్చునేవాళ్ళం. ఆ వారం ఎవరికి ఎక్కడ గుండె జారిందో చెప్పుకునేవాళ్ళం. తప్పెవరిదని అడక్కూడదు. "నేనైతే ఏం చేసేదాన్నంటే..." అని కూడా మొదలెట్టకూడదు. మలుపులో బండి జారితే ఏం చెయ్యాలో నాకు పుస్తకం చెప్పలేదు, ఆ బల్ల మీద కూర్చున్న మనుషులు చెప్పారు.

రికార్డు గదిలో ఏడ్చిన ఆ 'కొత్తమ్మాయి' సంగతి నాకు అర్థమైందిలే. చిన్నప్పుడు గాజుగ్లాసు పగలగొట్టి "పిల్లి పడేసింది" అనేదానివి. మనింట్లో పిల్లి ఎప్పుడుంది? వేళకి తిను, నిద్రపో. నేనున్నాను.

మీ అత్త


జూన్ 24

అత్తా,

నీ నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ అంటే ఇన్నాళ్ళూ నీ తరఫున పోట్లాడాను. ఇక పోట్లాడను.

నాన్న పొద్దున ఏడింటికే ఫోను చేశాడు. "ఆఫీసులో నేల మీద కూర్చుని ఏడుస్తున్నావట కదమ్మా. ఆ దిక్కుమాలిన ఉద్యోగం మానెయ్. నా స్నేహితుడి స్కూల్లో గుమస్తా ఖాళీ ఉంది" అన్నాడు. "ఏడ్చింది నేను కాదు నాన్నా" అంటే, "మీ అత్త అన్నీ చెప్పింది" అన్నాడు. సాయంత్రానికి దరఖాస్తు ఫారం కూడా పంపాడు, నా పేరు నింపేసి.

అత్తా, కొత్తమ్మాయి అనే మనిషి ఉంది. పొట్టిగా ఉంటుంది, వేగంగా నడుస్తుంది, కుడిచేతి మణికట్టు మీద ఎప్పుడూ ఇంకు మరక ఉంటుంది. పిల్లి కాదు.

కోపంలోనే మిగతాది కూడా రాస్తున్నాను, ఎందుకంటే నువ్వు చెప్పింది పనిచేసింది. బుధవారం పదింటి నుంచి పన్నెండింటి దాకా తలుపు మూసి, ఫోన్లన్నీ ఒక డబ్బాలో వేసి కూర్చుంటున్నాం. మొదటి వారం పరీక్ష హాల్లా ఉంది. మాలో పెద్దాయన, అందరం మాస్టారంటాం, అద్భుతమైన చేతిరాత, గోడ గడియారం చూస్తూ కూర్చున్నాడు. "మాస్టారూ, ఎలా ఉన్నారు?" అంటే "ఫైళ్ళు పెండింగు లేవండీ" అన్నాడు.

రెండో వారం కొత్తమ్మాయి నోరు విప్పింది. ఏమీ మాట్లాడని పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టి అడగొద్దంది. కాగితం మడతపెట్టడమో, బటన్లు ఏరడమో, ఏదో ఒక పని చేతికివ్వాలట. చేతులు ఆడుతుంటే మాటలు వాటంతటవే వస్తాయట. ఎనిమిదేళ్ళ నుంచి నేను పిల్లల మొహంలోకి చూస్తూ ప్రశ్నలడుగుతున్నాను! గురువారం ఒకింట్లో అదే చేశాం. బటన్లు ఏరుతూ ఏరుతూ తొమ్మిదేళ్ళ పిల్ల చెప్పడం మొదలెట్టింది. నేను మధ్యలో దూరి ఒక ప్రశ్న వేశాను. ఆ పిల్ల ఆగిపోయింది. బయటికొచ్చాక నాకే తెలిసింది, బ్రేకు తొక్కానని.

ఇంతలో డైరెక్టరు గారు పిలిచారు. "పనివేళల్లో తలుపేసుకుని కబుర్లేంటి? రెండు పోస్టులు ఖాళీగా ఉన్నాయి. ఆ పిల్లల్ని మీరే పంచుకోండి, తలా నలుగురు" అన్నారు. మూలిగే నక్క మీద తాటికాయంటే ఇదే. బుధవారం మాత్రం మాననని చెప్పాను. ఆయన బదులివ్వకుండా ఫోనందుకున్నారు. అది సరేననా, కాదనా, నాకు తెలియలేదు. సరే అనుకున్నాను.

పిడుగు


జూలై 1

పిడుగూ,

మీ నాన్నకి చెప్పడం తప్పే. వాడికి చెప్తే టముకు వేయించినట్టేనని అరవై ఏళ్ళుగా తెలిసి కూడా చెప్పాను. ఫారం చింపెయ్. నీ మణికట్టు మీద మాత్రం ఇంకు మరక చిన్నప్పటి నుంచీ ఉంది, నాకు గుర్తే. సరే, సరే, కొట్టకు.

ఇప్పుడొకటి రాస్తాను. ఇది మీ నాన్నకి తెలియదు.

నేను మోకాళ్ళ నొప్పులతో ముందే రిటైరయ్యానని కదా ఇంట్లో అందరికీ చెప్పాను. నా మోకాళ్ళు శుభ్రంగా ఉన్నాయి. రోజూ రెండంతస్తులు ఎక్కి దిగుతాను.

నా దగ్గర నేర్చుకున్న ఒకామె ఉండేది. మంచి చెయ్యి, చల్లని మనసు. అప్పుడు డిపోలో డ్రైవర్లు చాలడం లేదు. ఆమె వరసగా రెండు డ్యూటీలు చేసి దిగింది, మేనేజరు మూడోది ఎక్కమన్నాడు. "బండి నడపగలదు" అని నేను సంతకం పెడితేనే ఎక్కించాలి. ఆమె కళ్ళు చూశాను. ఎర్రగా ఉన్నాయి. మేనేజరు నా పక్కనే నిలబడి గడియారం చూపించాడు. పెట్టేశాను.

పది కిలోమీటర్ల అవతల బస్సు స్తంభానికి గుద్దుకుంది. దేవుడి దయ, ప్రయాణికులెవరికీ ఏమీ కాలేదు. ఆమె కాలు విరిగింది. కాలు అతికింది, కానీ ఆమె మళ్ళీ స్టీరింగు పట్టలేదు. విచారణలో 'డ్రైవరు అజాగ్రత్త' అని రాశారు. నేను నోరు విప్పలేదు. తర్వాతి నెల నాకు మోకాళ్ళ నొప్పులొచ్చాయి.

అందుకని చెప్తున్నాను. కళ్ళు మూతలు పడుతుంటే ఎంత మంది ఎక్కి ఉన్నా సరే, దిగిపోవాలి. దిగిపోవడం కూడా డ్రైవరు పనే.

అత్త


జూలై 17

అత్తా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మోకాళ్ళ సంగతి చదివి ఏడ్చాను. (ఈసారి నేనే. పిల్లి కాదు.) చివరి మాట దగ్గర మాత్రం మనసు విరిగింది. నాన్న దిగిపొమ్మన్నాడు, నువ్వూ దిగిపొమ్మంటున్నావు. పక్కన కూర్చోమని నేర్పినదానివి నువ్వే కదా!

ఇక్కడ జరగకూడనిది జరిగింది.

పోయిన గురువారం నేను వేరే కేసు మీద కోర్టులో ఉన్నాను. ఏ ఇంటికైనా మొదటిసారి ఇద్దరు వెళ్ళాలని మా సెక్షన్లో నోటిమాటగా పెట్టుకున్నాం. నేను లేనప్పుడు డైరెక్టరు ఆఫీసు నుంచి కొత్తమ్మాయికి ఫోనొచ్చింది, ఒక ఫిర్యాదు, వెంటనే వెళ్ళమని. ఒక్కతే వెళ్ళింది. ఆ రోజు అది ఐదో ఇల్లు. ఏడేళ్ళ పాప తలుపు తీసింది. శుభ్రమైన గౌను, దువ్విన జుట్టు. అమ్మ ఏదంటే "బజారుకెళ్ళింది, ఇప్పుడొస్తుంది" అంది. "బాగున్నాను" అంది. ఇల్లు సర్ది ఉంది. కొత్తమ్మాయి పావుగంట చూసి, మళ్ళీ వస్తానని చెప్పి, ఫైల్లో 'పాప బాగుంది' అని రాసింది.

శనివారం ఆ వీధిలో బట్టలు కుట్టే ఆమె ఫోను చేసింది. తల్లి బుధవారం నుంచీ లేదట. జుట్టు పాపే దువ్వుకుంది. ఇల్లు పాపే సర్దుకుంది. ఎవరైనా వస్తే ఏం చెప్పాలో తల్లి నేర్పి వెళ్ళింది. నాలుగు రోజులు ఒక్కతే ఉంది, చివరి రెండు రోజులు మంచినీళ్ళు తప్ప ఏమీ లేవు. నేనే ఎత్తుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఇప్పుడు కోలుకుంది. అమ్మమ్మ వచ్చి తీసుకెళ్ళింది.

కొత్తమ్మాయి ఆఫీసుకి రావడం లేదు. ఒకే ఒక్క మెసేజు పెట్టింది: "చెప్పులు చూడలేదండీ. గుమ్మంలో పెద్దవాళ్ళ చెప్పులు ఒక్క జత కూడా లేవు. బజారుకెళ్తే అన్నీ తీసుకెళ్ళరుగా. చూసి ఉంటే తెలిసేది."

సోమవారం డైరెక్టరు గారు ఒక కాగితం నా ముందు పెట్టారు. 'కార్యకర్త నిర్లక్ష్యం' అని టైపు చేసి ఉంది. కింద నా సంతకానికి చోటు. "చిన్న పిల్ల, ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. సెక్షన్ పరువు నిలబడుతుంది" అన్నారు.

అత్తా, నీ ఉత్తరం అప్పటికి నా సంచిలో ఉంది. ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు. ఇంకో కాగితం తీసుకుని నేనే రాశాను. ఆ రోజు అది ఐదో ఇల్లని రాశాను. ఆమె జాబితాలో ముప్ఫై ఇద్దరు ఉన్నారని, అందులో నలుగురిని ఫలానా రోజున ఎవరి ఆర్డరు మీద చేర్చామో రాశాను. ఇద్దరు వెళ్ళాలన్న నియమాన్ని కాగితం మీద పెట్టకుండా నోటిమాటగా వదిలేసింది నేనే అని కూడా రాశాను. డైరెక్టరు గారు చదివి, "నీ మెడకి నువ్వే ఉరి తగిలించుకుంటున్నావు" అన్నారు. పైఆఫీసు నుంచి విచారణకి వస్తున్నారు.

నన్ను దిగిపొమ్మని మాత్రం ఇంకోసారి రాయకు. దిగను.

కొత్తమ్మాయి వాళ్ళ ఊరెళ్ళిపోయింది, అది మీ ఊరి పక్కనే. నీ చిరునామా ఇచ్చాను. వస్తుందో లేదో తెలియదు. వస్తే దయచేసి సలహాలివ్వకు.

పిడుగు


జూలై 23

పిడుగూ,

ఉందే! నిజంగానే ఉంది!

ఆదివారం పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో పొట్టి పిల్ల. మణికట్టు మీద ఇంకు మరక. నేను నోరు వెళ్ళబెట్టి, "నువ్వు నిజమేనా?" అన్నాను. బెదిరిపోయి రెండడుగులు వెనక్కి వేసింది. చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చాను. నెల రోజులుగా నిన్ను అబద్ధాలకోరు అనుకున్నందుకు చెంపలేసుకున్నాను.

ముందు నీ అపార్థం తీరుస్తాను. దిగిపొమ్మంటే ఉద్యోగం మానెయ్యమని కాదే పిచ్చిమొహమా! ఆ ట్రిప్పు దిగమని. నిద్రపోయి, తిని, మర్నాడు ఎక్కమని. ముప్ఫై ఇద్దరితో నిండిన బండి ఎక్కమంటే ఎక్కనని చెప్పమని. డిపోలో పిల్లకాయలకి కూడా తెలిసిన మాట, నీకు వేరేగా వినిపిస్తుందని నాకు తట్టలేదు. వినపడని చెవులు నావనుకున్నాను!

సలహా ఇవ్వొద్దన్నావుగా, ఇవ్వలేదు. నోరు కట్టేసుకోవడం ఎంత కష్టమో నీకేం తెలుసు. టీ పెట్టాను. నా పాత యూనిఫాం ఉంది, బటన్లు ఊడిపోయి. సూదీ దారం చేతికిచ్చి కుట్టమన్నాను. మూడో బటన్ దగ్గర మాటలు మొదలయ్యాయి. ఆ పాప జుట్టు దువ్వుకోవడం గురించే చెప్పింది. "పాపిడి వంకరగా ఉందండీ. ఏడేళ్ళ పిల్ల తనంతట తను తీసుకుంటే అలాగే ఉంటుంది. ముద్దుగా ఉందనుకున్నాను" అంది.

నేను నా సంతకం సంగతి చెప్పాను. ఇన్నేళ్ళలో రాసింది నీకే, నోటితో చెప్పింది ఆ పిల్లకే. అది సూది ఆపి, "ఆమె ఇప్పుడెక్కడున్నారండీ?" అంది. పక్క పేటలోనే ఉందన్నాను. "మీరు వెళ్ళారా?" అంది. లేదన్నాను. "ఎందుకని?" అంది. మెత్తగా అడుగుతుందే, తప్పించుకోవడానికి సందుండదు. మంచి సోషల్ వర్కర్ అవుతుంది.

రోజూ వస్తోంది. ఇప్పటికి ఏడు బటన్లు.

అత్త


ఆగస్టు 4

అత్తా,

నీ ఉత్తరం బస్టాపులో నిలబడి చదివి గట్టిగా నవ్వాను. ఎవరో పక్కకి జరిగారు. నీ మీద కోపం పోయింది. నా మీద నాకు కొంచెం వచ్చింది.

విచారణ అయిపోయింది. వచ్చినావిడ సన్నగా, కళ్ళజోడు పెట్టుకుని, మాటల్లో పొదుపు మనిషి. ఒక్కొక్కరినీ పిలిచి అడిగింది. కొత్తమ్మాయి వచ్చి ఎదురుగా కూర్చుంది. ఏ సాకూ చెప్పలేదు. చూసింది చూసినట్టు, చూడనిది చూడలేదన్నట్టు చెప్పింది.

తర్వాత మాస్టారు. మూడు బుధవారాలు గడియారం చూసిన మనిషి చంకలో అట్ట ఫైలుతో లోపలికి వెళ్ళాడు. నెలన్నరగా మా ఆరుగురం ఏ రోజు ఎన్ని ఇళ్ళకి వెళ్ళామో, ఎన్ని గంటలకి ఇంటికి చేరామో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పెట్టాడు. ఎవరూ అడగలేదు. "ఇదెందుకు రాశారు?" అని ఆవిడ అడిగితే, ఆయన అన్న మాట తలుపు బయట అందరికీ వినిపించింది:

"ముప్ఫై ఏళ్ళ సర్వీసమ్మా. ఎలా ఉన్నారు అని ఎవరూ అడగలేదు. ఇప్పుడు సెక్షన్ చూస్తున్నావిడ అడిగింది. జవాబేంటో నాకే తెలియలేదు. తెలుసుకుందామని రాసుకున్నాను."

శుక్రవారం ఆర్డరు వచ్చింది. కొత్తమ్మాయి మీద చర్య లేదు. నాకు మెమో, సర్వీసు రికార్డులోకి వెళ్తుంది. నియమం కాగితం మీద పెట్టలేదన్నది నిజమే కాబట్టి సంతకం పెట్టి తీసుకున్నాను. నొప్పిగానే ఉంది. ఇకపోతే మూడు నెలల పాటు ఒక్కొక్కరి జాబితా ఇరవై దాటకూడదు. పక్క సెక్షన్ నుంచి ఇద్దరిని పంపుతారు. మొదటిసారి ఏ ఇంటికైనా ఇద్దరు వెళ్ళాలి. బుధవారం పది నుంచి పన్నెండు దాకా 'శిక్షణ, సమీక్ష'. ఆర్డరు నంబరు కూడా ఉంది! మూడు నెలలయ్యాక ఏమవుతుందంటే, తెలియదు. అప్పుడు మళ్ళీ పోట్లాడతాను. డైరెక్టరు గారు నాతో మాట్లాడడం లేదు. ఆయనకీ పైనుంచి ఫోన్లొస్తాయని, ఆయన పక్కనా ఎవరూ కూర్చోరని ఇప్పుడిప్పుడే తడుతోంది. జాలి మాత్రం ఇంకా రాలేదు.

నాన్నకి మెమో సంగతి నేనే చెప్పాను, నువ్వు చెప్పేలోపు. మెమో రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత, "ఆ పిల్ల మీద రాసిన కాగితానికి సంతకం పెట్టనందుకా ఇది?" అన్నాడు. అవునన్నాను. "మంచిపని చేశావు" అని ఫోను పెట్టేశాడు.

కొత్తమ్మాయి తిరిగి చేరుతుందో లేదో ఇంకా చెప్పలేదు. నేనూ అడగలేదు. బ్రేకు మీద కాలు పెట్టకుండా కూర్చున్నాను.

పిడుగు


ఆగస్టు 10

పిడుగూ,

వెళ్ళాను. నీ కొత్తమ్మాయి వీధి చివరి దాకా తోడొచ్చి, అక్కడ ఆగిపోయింది.

అప్పుడు కాలు విరిగిన ఆమె ఇప్పుడు కిటికీ దగ్గర కుట్టుమిషను పెట్టుకుంది. కొంచెం కుంటుతుంది. కుర్చీ వేసింది. "ఆ రోజు నీ కళ్ళు చూసి కూడా సంతకం పెట్టాను" అన్నాను. "తెలుసక్కా. నువ్వు నా కళ్ళు చూడడం నేను చూశానుగా" అంది.  "ఇన్నేళ్ళూ నిన్ను తిట్టుకున్నాను, సంతకానికి కాదు. ఒక్కసారి కూడా రాలేదని" అంది.

క్షమించానని అనలేదు. వచ్చే ఆదివారం రమ్మంది. వెళ్తాను.

అత్త


ఆగస్టు 29

అత్తా,

కొత్తమ్మాయి పోయిన సోమవారం చేరింది. డైరెక్టరు గారికిచ్చిన కాగితంలో ఒకటే వాక్యం: 'నా జాబితాలో పద్దెనిమిది మంది ఉంటే చెయ్యగలను, అంతకు మించితే చెయ్యలేను.' ఆయన పద్దెనిమిదీ ఇచ్చారు! మేమెవరం ఇన్నేళ్ళలో అంత మాట అడగలేదని మాస్టారు రోజంతా ఆశ్చర్యపోతూనే ఉన్నాడు. ఇప్పుడాయన బుధవారాలు రిపోర్టు రాయడం నేర్పుతున్నాడు. 'బాగుంది' అనే మాట ఎవరు రాసినా ఎర్రసిరాతో కొట్టేసి, "ఏం చూశావో అది రాయి తల్లీ" అంటున్నాడు.

నిన్న ఇద్దరం ఆ పాపని చూడడానికి అమ్మమ్మగారింటికి వెళ్ళాం.  గుమ్మం ముందు కొత్తమ్మాయి ఆగి నన్ను చూసింది. "నువ్వే" అన్నాను. తలూపి ముందు వెళ్ళింది.

పాప నేల మీద కూర్చుని రంగు కాగితాలు కత్తిరిస్తోంది. కొత్తమ్మాయి ఎదురుగా కాకుండా పక్కకి వెళ్ళి కూర్చుని, ఒక కాగితం తీసుకుంది. చాలాసేపు కత్తెర చప్పుడే.

"నువ్వు అప్పుడొచ్చావు" అంది పాప, తలెత్తకుండా.

"వచ్చాను. నువ్వు ఒక్కదానివే ఉన్నావని నాకు తెలియలేదు. తెలుసుకోవాల్సింది. తప్పు నాదే."

పాప ఆలోచించింది. "నేను చెప్పలేదుగా" అంది.

"చెప్పాల్సిన పని నీది కాదు. కనుక్కోవాల్సిన పని నాది."

పాప ఇంకో కాగితం కత్తిరించింది. తర్వాత గుమ్మం దగ్గర నిలబడ్డ నన్ను చూసింది. "ఆమె ఎవరు?"

"మా ఆఫీసే. నాకు తోడొచ్చారు."

"నువ్వు పెద్దదానివిగా. నీక్కూడా తోడు కావాలా?"

"కావాలి" అంది కొత్తమ్మాయి.

పాప కాసేపు ఆమె మొహంలోకే చూసింది, నిజమా అబద్ధమా అని. తర్వాత లేచి, లోపల్నుంచి ఒక చిన్న పీట ఈడ్చుకొచ్చి, కొత్తమ్మాయి పక్కనే వేసింది. నాకు సైగ చేసింది, కూర్చోమని.

కూర్చున్నాను అత్తా.

నీ మేనకోడలు